సిరోంచల ఒక్క రాత్రి ఉండెటోళ్లకు

కూసోండ్రి సారూ.
ఎస్టీ బస్సు కుదుపులు నడుముల నుంచి దిగేదాక కూసోండ్రి.
రిజిస్టరు తర్వాత రాద్దాం, పెన్ను ఎట్లనూ రాస్తలేదు.

ఇది ఏ రాష్ట్రమని అడిగిండ్రు.
కరెంటు బిల్లు మరాఠీల వస్తది,
నేను తెలుగుల తిట్టుకుంట కడ్త.
రాజధాని వెయ్యి కిలోమీటర్ల అవుతల.
పాలు విరిగితే మాత్రం
వంతెన దాటి కాళేశ్వరం పోయి తెచ్చుకుంటం.

గోడ మీద మ్యాపు సూడుండ్రి.
మహారాష్ట్ర అనే పెద్ద అంగీకి
అడుగున చినిగి వేలాడే జేబు మేమే.
పడమటికి ప్రాణహిత, దక్షిణానికి గోదారి,
తూర్పు కొసకు ఇంద్రావతి.
మిగిలిన దిక్కు టేకు అడవి.
జేబుల ఏమున్నదో
అంగీ తొడుక్కున్నోనికి యాదికుండదు.

పొద్దుగాల సంగమం కాడికి పోతే ఒకటి గమనించుండ్రి.
ఎండకాలం గోదారి బక్కసిక్కి వస్తది,
ఇసుకల కాళ్లీడ్సుకుంట.
నీళ్లన్నీ ప్రాణహితయే.
అయినా కలిసినంక పేరు గోదారిదే.
మా అక్క రాజుబాయి అట్లనే,
నలభై ఏండ్లు బీడీలు చుట్టి ఇల్లు నిలబెట్టింది,
తలుపు మీద పేరు బావది.

చరిత్ర అంటరా?
మా నాయినమ్మ అవుతలి ఒడ్డు పిల్ల, నిజాం ఇలాకా.
పెండ్లినాడు పడవ నది నడుమకు రాంగనే
కొంగుముడి విప్పి పైసలు ముందటేసుకున్నదట.
హాలీ సిక్కా ఇవుతల చెల్లదు.
కల్దారు రూపాయి ఆమె దగ్గర లేదు.
ఒడ్డు తాకే లోపల బీదదై పోయింది సారూ,
ఒక్క పైస ఖర్చు చేయకుంట.

అంతకు ముందటి ముచ్చట,
తెల్లదొరలు దూదిని ఓడలెక్కించి
గోదారి మీదికెల్లి సముద్రానికి పంపుదామనుకున్నరు.
బండలను పగలగొట్టిండ్రు, గోడలు కట్టిండ్రు,
జరం వచ్చి పడ్డరు, లెక్కలు రాసిండ్రు.
బండలు గెలిచినయి.

ఇంకా ముందుకు పోవాల్నా?
మా తమ్ముడు సడవలి మేకలు కాసుకుంట
ఒక నున్నటి రాయి మోసుకచ్చిండు.
మూడేండ్లు అమ్మ దాని మీద మిరపకాయలు నూరింది.
కలకత్తా కెల్లి వచ్చిన సార్లు
సాయకు ఆగి, దాన్ని సూసి, గ్లాసు కిందపెట్టి,
ఇది రాయి కాదమ్మా, ఎముక, అన్నరు.
మనిషి పుట్టక ముందటి జంతువుదట, చెట్టంత ఎత్తుదట.
అమ్మ మాట్లాడలే.
ఆ రాత్రి పచ్చడి ఎవ్వరూ ముట్టలే.
తెల్లారి అందరం తిన్నం.

అంగడికి మాడియా ఆడోళ్లు ఇప్పపువ్వు తట్టలతోని దిగుతరు.
ధర వాళ్ల మాటల, బేరం మా మాటల,
చీటీ సర్కారు మాటల.
తక్కెడ ఏ మాట నేర్చిందో గాని
ఎప్పుడూ సావుకారు దిక్కే వంగుతది.

మే నెలల వచ్చిండ్రు, మంచిదే.
గీ ఎండకు కాకులు సుత నోరు తెర్సుకుంటయి,
తునికాకు కోసే చేతులు నల్లగైతయి.
గని బాట ఉన్నది.
ఆగస్టుల వస్తే బాట నీళ్ల కింద,
మీరు మీ ఊర్లె, నేను మిద్దె మీద,
రిజిస్టరు నా నెత్తి మీద.

నా పేరా?
ఇంట్ల లస్మక్క.
బడిల గురూజీ రాసింది లక్ష్మీబాయి.
ఓటరు లిస్టుల అచ్చుతప్పు.
మూడిట్ల ఏది పిలిచినా పలుకుత,
అచ్చుతప్పును ఇంకా ఎవ్వరూ పిలువలే.

పెన్ను పడ్డది, రాయుండ్రి.
ఎక్కడికెల్లి వచ్చిండ్రు, ఎక్కడికి పోతున్నరు.
ఏ భాషల రాసినా ఫరవా లేదు,
చెక్ చేసే పోలీసాయన నాగపూరోడు,
సంతకం సూసి పోతడు.

రాత్రి కరెంటు పోతది.
కిటికీ తెరువుండ్రి, దోమలు వస్తయి,
ప్రాణహిత మీది గాలి సుత వస్తది.
రెండిట్ల ఒక్కటే కావాలంటే
నా దగ్గర లేదు సారూ.